దిద్దిన గొంతు

నిరీక్షణ పొద్దున పోయింది. ఆ సాయంత్రం బస్తీ సభలో పేర్లు పిలుస్తుంటే, ఆమె పేరు దగ్గర "ఉన్న" అని జవాబు వచ్చింది.

ఆ రోజు సభ జరగవలసింది కాదు. బస్తీ అంతా దేవదానం సార్ ఇంటి ముందే ఉంది. విషజ్వరం వచ్చి, వారం తిరగకముందే ఒక్కగానొక్క కూతుర్ని తీసుకుపోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చి వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారు. పాస్టరు ప్రార్థన ముగించి తల వంచుకుని నిలబడ్డాడు. సందుకు అవతల, సరిగ్గా ఎదురుగా, సభలు జరిగే కమ్యూనిటీ హాలు. దానికి తాళం వేసి ఉంది. లోపల మనిషి లేడు. కానీ సభను ఆపాలని ఎవరికీ గుర్తు రాలేదు. గోడకున్న పెట్టె తన వేళకు తాను మేల్కొని పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

"లచ్చవ్వ."

"ఉన్న బిడ్డా."

"స్వరూప."

"ఉన్న."

లచ్చవ్వ, స్వరూప ఇద్దరూ ఇక్కడే, నిరీక్షణ తల్లి ఎస్తేరుకు చెరోపక్క కూర్చుని ఉన్నారు. తమ గొంతులు సందుకు అవతల, ఖాళీ హాల్లో పలకడం విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మనిషి రాలేనప్పుడు మనిషి తరఫున పలకడానికే వాటిని తయారు చేసుకున్నారు. ఆ పని అవి చేస్తున్నాయి.

"నిరీక్షణ."

"ఉన్న. కానియ్యుండ్రి, ఆలస్యమైతంది."

ఎస్తేరు ఏడుపు మధ్యలో ఆగిపోయింది. నిరీక్షణతో కలిసి ఆ పెట్టెను తయారుచేసిన అంజద్ లేచి, తాళంచెవి కోసం ఎదురుచూడకుండా హాలు వెనక కిటికీ వైపు పరుగెత్తాడు. దేవదానం మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవలేదు. మంచం మీద కూతురి పెదవుల వైపు చూశాడు. అవి కదలలేదు. కదలలేదని మరోసారి చూసి నిర్ధారించుకున్నాడు.

*

ఎర్రవాగు బస్తీకి ఆనుకుని బూడిద చెరువు ఉంది. విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాలగా మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి పైపుల్లో పంపితే వచ్చి చేరే చెరువు అది. ఎండాకాలం పైపొర ఎండి గాలికి లేస్తుంది. ఆరేసిన బట్టలూ, మూత తీసిన అన్నమూ, పిల్లల కనుబొమలూ అన్నీ ఒకే రంగుకు వస్తాయి. ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరు వచ్చి, చెరువును దూరంగా తరలిస్తామని చెప్పి, దండలు వేయించుకుని పోయేవారు.

నిరీక్షణ పట్నంలో కంప్యూటర్ ఉద్యోగం చేసి, అక్కడ ఇమడలేక తిరిగి వచ్చింది. ఒకరోజు తండ్రి పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే ఎదురుగా కూర్చుని చెప్పింది.

"ఒకరి మొహం ఒకరు చూడనోళ్లు కలిసి ప్రోగ్రాములు రాస్తరు డాడీ. ఒకరు రాసి అందరి ముందర పెడతరు. ఇంకొకరు దిద్దుతరు. అది ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా తీసుకపోయి వాడుకోవచ్చు. ఎన్నికల హామీని మనం గట్ల ఎందుకు రాసుకోవద్దు? పైనుంచి వచ్చింది చదువుడు కాదు, కిందినుంచి రాసుకునుడు."

"అందరూ దిద్దితే చివరికి అది ఎవరి మాటైతది?"

"అందరిది."

"అందరిదంటే ఎవరిదీ కాదని అర్థం," అన్నాడు దేవదానం, పేపరు మీంచి తలెత్తకుండా.

ఆమె నవ్వింది. నవ్వితే ముక్కులోంచి చిన్న గురకలాంటి చప్పుడు వచ్చేది.

మొదట్లో సభలకు తీరిక ఉన్న మగవాళ్లే వచ్చారు. సగం బస్తీ షిఫ్టు డ్యూటీల్లో ఉంటుంది. ఆడవాళ్లు బీడీల చాటలు వదిలి రాలేరు. అప్పుడే నిరీక్షణ, అంజద్ కలిసి 'తోడు'ను తయారు చేశారు. తోడు ఫోనులో ఉంటుంది. కొన్నాళ్లు మనిషితో మాట్లాడుతుంది. ఆ మనిషి దేనికి భయపడతాడు, దేనికి ఒప్పుకుంటాడు, ఎక్కడ మొండికేస్తాడు అన్నది నేర్చుకుంటుంది. తర్వాత అతని బదులు సభలో కూర్చుని, అతని గొంతుతో మాట్లాడి, ఇంటికి వచ్చాక ఏం జరిగిందో చెబుతుంది. తప్పు మాట్లాడిందనిపిస్తే దిద్దవచ్చు.

"నా తోడు నాకన్న మంచిగ మాట్లాడుతున్నదే," అంది లచ్చవ్వ మొదటి వారమే. "గీ సభల ఎందుకు గని, మా కోడలి మీదికి తోలుత దీన్ని."

నిరీక్షణ నాలుగు కట్టుబాట్లు పెట్టింది. తాము రాసుకునే ఎన్నికల హామీకి ఉమ్మడి మాట అని పేరు, అందులో ఎవరైనా మార్పు కోరవచ్చు. అడ్డు చెప్పినవారు తమంతట తాము వెనక్కి తీసుకునేదాకా ఆ అడ్డు నిలుస్తుంది. మరుసటి సభదాకా ఎవరూ అడ్డు చెప్పకపోతే మార్పు ఒప్పుకున్నట్టే. ఇక నాలుగోది, ఎవరు ఏ మాట పట్టుకుని 'ఇది ఎక్కడి నుంచి వచ్చింది' అని అడిగినా, తోడు దాచకుండా చెప్పాలి. మనిషి చనిపోతే తోడును ఏం చేయాలో మాత్రం రాయలేదు. పాతికేళ్ల పిల్లకు ఆ ఆలోచన ఎందుకు వస్తుంది?

*

సమాధి కార్యక్రమం అయిన కొన్ని రోజులకు అంజద్ ఇంటికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"సార్, ఆపమంటే ఆపుత. మీరు చెప్పేదాక నేను దాన్ని ముట్ట."

వంటింట్లో ఎస్తేరు చేతిలోని గిన్నె చప్పుడు ఆగింది.

"ఉండనీ," అన్నాడు దేవదానం.

గిన్నె చప్పుడు మళ్లీ మొదలైంది.

రోజూ తెల్లవారి నల్లా నీళ్లు వచ్చే వేళ ఆయన కూతురి ఫోను పట్టుకుని వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. బిందె నిండుతుండగా మాట్లాడేవాడు. మొదటి రోజు ఏం మాట్లాడాలో తెలియక, "తిన్నవా?" అని అడిగాడు.

"నేను తోడును డాడీ, తినను," అంది నిరీక్షణ గొంతు. "మీరు తిన్నరా?"

ఆయన నల్లా కట్టేసి లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ అదే వేళకు వచ్చి కూర్చున్నాడు. ఎస్తేరు ఆ వేళకు పెరట్లోకి వెళ్లేది. ఆ ఫోను ఉన్న గదిలో ఆమె ఒక్క నిమిషం కూడా నిలబడలేదు.

మొదటి దిద్దుబాటు నవ్వు. సభలో లచ్చవ్వ ఏదో అంటే తోడు నవ్వింది, ముక్కులోంచి ఆ చప్పుడుతో సహా. హాల్లో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా తలలు దించుకున్నారు. ఇంటికి వచ్చాక దేవదానం మెల్లగా చెప్పాడు. "సభల నవ్వకు. నువ్వు పదిమందిల నవ్వే పిల్లవు కావు."

"సరే డాడీ."

సొంత మనిషి లేనప్పుడు ఇంట్లోవాళ్లు దిద్దవచ్చు. దిద్దినదాన్ని తర్వాతి సభలో చదువుతారు. గోడకున్న పెట్టె ఏ భావమూ లేని తన గొంతుతో చదివింది: "నిరీక్షణ తోడు ఇకమీదట సభలో నవ్వదు. దిద్దినవారు దేవదానం. ఎవరికైనా అభ్యంతరమా?" ఎవరూ మాట్లాడలేదు. నవ్వు పోయింది.

తర్వాతిది 'నాకు తెల్వది' అన్న మాట. తోడు ప్రతి చర్చలోనూ ఎక్కడో ఒకచోట ఆ మాట అనేది. బళ్లో ఎప్పుడూ మొదటి వరుసలో కూర్చున్న పిల్ల, చేయెత్తకుండా ఒక్కరోజూ ఉండని పిల్ల, అట్లా అనడం ఆయనకు నచ్చలేదు. అది యంత్రం బలహీనత అనుకున్నాడు. "తెలిసింది తెలిసినట్టు చెప్పు," అన్నాడు. అది కూడా సభలో చదివారు. దానికీ ఎవరూ మాట్లాడలేదు.

ఇట్లా చిన్నవీ పెద్దవీ చాలానే దిద్దాడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని అది. తప్పు కనబడితే చేయి దానంతట అదే కదులుతుంది. పైగా తోడు దిద్దించుకోవడంలో నిరీక్షణకన్నా నెమ్మది. ఎదురు చెప్పదు. మొహం మాడ్చుకుని లేచిపోదు. రోజురోజుకూ అది ఆయన మనసులో ఉన్న కూతురికి దగ్గరగా వస్తున్నట్టనిపించేది.

ఒకరోజు పొద్దున అది తనంతట తానే అంది: "వాగవతలికి పోయినా బాగనే ఉంటదేమో డాడీ. అందరం ఒక్కతాన ఉంటే."

దేవదానం బిందె వైపు చూస్తూ ఉండిపోయాడు. నీళ్లు పొంగి గచ్చు మీద పారుతున్నాయి.

"నువ్వా మాట అనవు," అన్నాడు. "ఈ బస్తీ కోసమే కదా ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చినవు. ఒక్క ఇల్లు కూడా కదలదు. కదిలితే ఓడినట్టే. గది నీ మాట."

"సరే డాడీ."

ఆ వారం పెట్టె దాన్ని కూడా చదివింది. హాల్లో ఎవరో దగ్గారు. మరెవరూ నోరు విప్పలేదు.

*

బడి స్టాఫ్ రూములో లెక్కల టీచరు సుకన్య ఆయన పక్కకు వచ్చి కూర్చుంది.

"సార్, ఒక మాట. మా చెల్లెలు వాళ్ల ఊళ్లో గూడ గీ ఉమ్మడి మాట మొదలుపెట్టిండ్రు. అంజద్ వాళ్ల దగ్గరినుంచి తీసుకున్నరట. కొత్తోళ్లకు నేర్పించేతందుకు ముందుగాల ఒక తోడు మాట్లాడుతదట కదా, నమూనాకు. అది మన నిరీక్షణ గొంతేనట." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "మా చెల్లె ఫోన్ల వినిపిచ్చింది. ఎంత నిలకడగ మాట్లాడుతది సార్."

"అవునమ్మా," అన్నాడు దేవదానం. ఆ మధ్యాహ్నం ఆయన పాఠం కాస్త పెద్ద గొంతుతో చెప్పాడు. ఎన్నో ఊళ్ల వాళ్లు ఇంటింటికీ తిరిగేముందు తన కూతురి మాట విని బయలుదేరుతున్నారు. ఆ ఆలోచన ఆయనకు అన్నం సహించేలా చేసింది.

*

మున్సిపల్ ఎన్నికలకు తేదీలు వచ్చాయి. బస్తీ తరఫున ఉమ్మడి అభ్యర్థిగా స్వరూపను నిలబెట్టాలని అందరూ అనుకున్నారు. ఆమె ఆశా కార్యకర్త. ఏ ఇంట్లో ఎవరికి ఎక్కడ నొప్పో ఆమెకు తెలుసు. నామినేషన్‌కు ముందు ఉమ్మడి మాట ఖరారు కావాలి, అదే వాళ్ల కట్టుబాటు. మాట లేకుండా మనిషిని నిలబెట్టకూడదు.

స్వరూప ఒక మార్పు ముందుకు తెచ్చింది. చెరువును తరలించమని అడుగుతూనే, అది కాని పక్షంలో బస్తీ మొత్తం ఒకేసారి, ఒకేచోటికి, వాగు అవతలి సర్కారు భూమిలోకి మారాలి. ఏ ఇల్లూ విడిగా బేరానికి పోకూడదు. అప్పటికే చెరువును పెంచడానికి ఇళ్లు కొనే దళారులు తిరుగుతున్నారు. సందు చివర రెండిళ్లు అమ్ముడుపోయి తాళాలు పడ్డాయి. ఇట్లా ఒక్కొక్కటి పోతే, మిగిలినవాళ్లకు అడిగే బలం ఉండదు.

మిగతా తోడులన్నీ ఒప్పుకున్నాయి. మనుషులూ ఒప్పుకున్నారు. నిరీక్షణ తోడు ఒప్పుకోలేదు.

"ఒక్క ఇల్లు కూడా కదలదు. కదిలితే ఓడినట్టే."

రెండు సభలు అక్కడే ఆగిపోయాయి. ఆ గొంతుతో వాదించడానికి ఎవరికీ మనసు రాలేదు. అడ్డు తీసేయమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి స్వరూపే దేవదానం ఇంటికి వచ్చింది. చంకలో కొడుకు నిద్రపోతున్నాడు. వాడి ఛాతీ ఊపిరికీ ఊపిరికీ మధ్య లోపలికి పోయి వస్తోంది.

"సార్, రేపటి సభ దాటితే నామినేషన్ టైమైపోతది," అంది. "మీరొక్క మాట చెప్తే అడ్డు పోతది. ఇంటోళ్లు మీరు."

"అది నా బిడ్డ మాట స్వరూపా. నేనెట్ల తీస్త?"

"నేను గూడ దాని మాట మీదనే ఇంత దూరం వచ్చిన సార్. మా పోరనికి ఊపిరాడేతందుకు వారంల ఎన్నిసార్లు మిషన్ పెడ్తున్ననో మీకు ఎరుకే. నేను ఒక్కదాన్నే ఇల్లమ్ముకొని పోవచ్చు. పైసలిస్తమంటున్నరు. పోతలేను. ఎందుకు పోతలేనో నిరీక్షణకు తెలుసు."

స్వరూప కొడుకును చంక మార్చుకుని వెళ్లిపోయింది. ఆయన వాకిట్లో నిలబడి ఆమె సందు మలుపు తిరిగేదాకా చూశాడు. వెనకనుంచి ఎస్తేరు గొంతు వినిపించింది. కూతురు పోయాక ఆమె తనంతట తాను మాట్లాడడం అరుదు.

"అది నిరీక్షణ మాట కాదు."

"ఏం మాట్లాడుతున్నవ్?"

"దవాఖానల నాతోని చెప్పింది. వాగవతలికి పోదాం మమ్మీ, నీ దగ్గు తగ్గుతదన్నది. డాడీని మెల్లగ ఒప్పిస్త అన్నది."

"మరి సభల చదివింది ఇంటిదాక వినబడ్డది గదా, అప్పుడెందుకు చెప్పలే నువ్వు?"

ఎస్తేరు దగ్గింది. దగ్గు తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడింది. "నువ్వు పొద్దున పొద్దున దాని ముందర కూసుని తేటగైతున్నవు. అన్నం తింటున్నవు. కాదంటే నువ్వేమైతవో అనుకున్న." గోడ మీది చేయి తీసేసి అంది. "నన్నడుగుడెందుకు? దాన్నే అడుగు. ఎవరడిగినా చెప్పాల్నని నీ బిడ్డనే కదా పెట్టింది."

*

మర్నాటి సభకు దేవదానం బడి నుంచి నేరుగా వచ్చాడు. హాలు నిండి ఉంది. డ్యూటీ ఉన్నవాళ్లు కూడా తోడును పంపకుండా తామే వచ్చారు. వెనక బెంచీ చివర ఎస్తేరు కూర్చుని ఉంది. ఆమె ఆ హాల్లో అడుగుపెట్టడం అదే మొదలు.

పెట్టె పేర్లు పిలిచింది. నిరీక్షణ పేరు దగ్గర "ఉన్న" అని వినిపించింది. ఇప్పుడా గొంతులో తొందర లేదు. ఆలస్యమవుతోందని గొణగడం లేదు. అది కూడా ఎప్పుడో దిద్దిందే.

స్వరూప మార్పు చదివారు. నిరీక్షణ తోడు అడ్డు చెప్పింది.

దేవదానం లేచాడు. తరగతిలో ప్రశ్న అడిగే గొంతు తెచ్చుకోవాలనుకున్నాడు గానీ రాలేదు.

"ఒక్క ఇల్లు కదలదన్న మాట... ఎక్కడి నుంచి వచ్చింది?"

"మీరు చెప్పిండ్రు డాడీ," అంది తోడు.

"కదిలితే ఓడినట్టే అన్నది?"

"అది గూడ మీరే."

"నువ్వేమన్నవు, దానికి ముందు?"

"వాగవతలికి పోయినా బాగనే ఉంటదేమో అన్న. అందరం ఒక్కతాన ఉంటే అన్న. మీరు నేనట్ల అననన్నరు."

దేవదానం బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఈ అడ్డుల నీ మాట ఎంతుంది?"

తోడు కాసేపు వెతుక్కుంది. "ఇందుల నాది లేదు డాడీ."

అది నిష్ఠూరంగా అనలేదు. అడిగినదానికి చెప్పింది, అంతే. చనిపోయిన కూతురి గొంతు, ఆ కూతురు బతికుండగా పెట్టిన కట్టుబాటును పాటించింది. దేవదానం చుట్టూ చూశాడు. అందరూ తన బస్తీవాళ్లే. సగంమంది తన దగ్గర చదువుకున్నవాళ్లు.

"మీరంత విన్నరు గదా. ప్రతి దిద్దుబాటు గీడనే చదివిండ్రు. ఒక్కరన్న కాదనొద్దా?"

"బిడ్డ పోయిన మనిషిని పట్టుకొని, నీ బిడ్డ గట్ల కాదని ఎట్లంటం సారూ?" అంది లచ్చవ్వ. "నోరెట్లొస్తది?"

"అడ్డు చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని రాసింది మేమే సార్," అన్నాడు అంజద్, నేల చూస్తూ. "ప్రోగ్రాములు రాసేకాడ అది మంచిగనే నడుస్తది. ఆడ నచ్చకపోతే ఎవడైనా మొహం మీదనే చెప్తడు. గీడ మర్యాదకు గమ్మునున్నోళ్లను గూడ అది ఒప్పుకున్నరని రాసుకుంది."

దేవదానం కూర్చోలేదు. ఇంకొక మాట మిగిలి ఉంది. దాన్ని ఆయన తోడుకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"చెరువు పెరిగితే ముందు పోయేది సమాధుల తోట," అన్నాడు. "మనం వాగు దాటిపోతే అడ్డం నిలబడేటోళ్లు ఉండరు. ఆమె అక్కడుంది."

గోడకున్న పెట్టె ఏ భావమూ లేని తన గొంతుతో అడిగింది: "దేవదానం కొత్త మాట చెప్పారు. ఎవరికైనా అభ్యంతరమా?"

స్వరూప తన కొడుకు వీపు మీద చేయి వేసి నిమురుతోంది. పెట్టె వేచి చూస్తోంది.

"నాకున్నది," అంది ఎస్తేరు.

వెనక బెంచీ దగ్గర లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. "దాన్ని కన్నదాన్ని నేను. నాకు లేదా ఆ బాధ? తోటకు నేను రోజు పోతున్న, నువ్వు ఫోను ముందర కూసున్నప్పుడు. గోడ కట్టుమని అడుగుదాం, దీంట్ల రాయుండ్రి. గని ముందుగాల ఊపిరి తీసుకునేటోళ్ల సంగతి రాయుండ్రి. గంతే."

కూర్చుంది. దగ్గు వచ్చింది. ఈసారి అందరూ అది ఆగేదాకా ఆగారు.

దేవదానం పెట్టె వైపు తిరిగి, తన పేరు చెప్పి, ఒక్క ఇల్లు కూడా కదలదన్న దిద్దుబాటును వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. తోడు "సరే డాడీ" అంది. ఎన్నాళ్లుగానో విన్న మాటే. ఈసారి దాన్ని వింటుంటే ఆయన మెడ వెనక చల్లగా అయింది.

అడ్డు పోయింది. సమాధుల తోటకు గోడ అన్న మాట ఎస్తేరు పేరు మీద చేరింది. ఉమ్మడి మాట ఖరారైంది.

*

స్వరూప నామినేషన్ వేసింది. ఆ రోజు గాలి బాగా వీచింది. ఊరేగింపులో నడిచినవాళ్ల తలలన్నీ నెరిసినట్టు కనిపించాయి. ఇంటింటికీ తిరిగేవాళ్లలో ఎస్తేరు కూడా ఉంది. నాలుగిళ్లు తిరిగి అరుగు మీద కూర్చుంటుంది, లేచి మళ్లీ తిరుగుతుంది. దళారులు ఇంకా వస్తున్నారు. తాళాలు పడ్డ రెండిళ్లకు మూడోది చేరలేదు. ఓట్లు ఎట్లా పడతాయో చెప్పగలిగినవాళ్లు లేరు.

అంజద్ వచ్చి సంగతి చెప్పాడు. ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"మిగతా దిద్దుబాట్లన్నీ అట్లనే ఉన్నయి సార్. ఒక్కసారిగ తుడిచేసేతందుకు లేదు. పెట్టినోళ్లే, ఒక్కొక్కటి నోటితోని చెప్పి తీసుకోవాలె. నిరీక్షణే పెట్టింది ఆ పద్ధతి. మాట మార్చినోడు ఏం మార్చిండో మళ్లొక్కసారి వినాలన్నది." ఫోను వైపు చూసి మళ్లీ అన్నాడు. "ఇంకోటి. మన దగ్గరినుంచి తీసుకున్న ఊళ్లల్ల గూడ ఆమె గొంతు మీ దిద్దుబాట్లతోనే మాట్లాడుతుంది. గీడ తీస్తే ఆడ పోదు. ఆ ఊళ్లకు పోయి, వాళ్ల సభల చెప్పాలె."

"అన్నీ తీస్తే ఏమైతది?"

"మొదటి రోజు ఎట్లుందో అట్ల మాట్లాడుతది. మీ మీద కోపాలు, కొట్లాటలు, అన్నీ ఉంటయి."

"వద్దనుకుంటే?"

"ఆపేయొచ్చు సార్. మీరు చెప్పాలె."

అంజద్ వెళ్లాక దేవదానం ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఎస్తేరు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ ఫోను ఉన్నచోట ఆమె కూర్చోవడం అదే మొదలు. పిలిచేదాకా ఫోను మాట్లాడదు.

ఆయన ఇప్పుడు పొద్దున్నే ఎస్తేరుతో కలిసి సమాధుల తోటకు వెళ్తున్నాడు. బడికి పోతున్నాడు. సాయంత్రం ఇంటింటి ప్రచారానికి పోతున్నాడు. తలుపు తీసినవాళ్లు చెప్పేది చివరిదాకా విని, ఆ తర్వాతే నోరు తెరుస్తున్నాడు.

తోడును ఆపమని ఆయన అంజద్‌కు చెప్పలేదు. వేరే ఊళ్లకు వెళ్లలేదు. ఒక్క దిద్దుబాటే వెనక్కి తీసుకున్నాడు. మిగతావి ఇంకా తీయలేదు.